చెమట పట్టని చెయ్యి

మా చెల్లెలి చెయ్యి చల్లన. చల్లని చెయ్యి అని లోకం అనేది వేరు, విత్తనం వేస్తే మొలుస్తుందనీ, పట్టిందల్లా బంగారమవుతుందనీ. నేను చెప్పేది అది కాదు. దాని చెయ్యి నిజంగానే చల్లన. మండుటెండలో నడిచొచ్చి నా మెడ మీద వేస్తే ఉలిక్కిపడేదాన్ని. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ తడిగుడ్డ వెతికేది కాదు, దాన్ని పిలిచి నా నుదుటి మీద చెయ్యి పెట్టించేది. "కదలకుండా కూర్చోవే, గుడ్డయితే మాటిమాటికీ తడపాలి" అనేది. ఆ చేతి వల్లే దానికి బతుకు దొరికింది. పోవడం కూడా ఆ చేతి వల్లే పోయింది.

మేమిద్దరం ఒకే రోజున ఒకే కార్ఖానాకు పనికి వెళ్లాం. అక్కడ పంపులకు ఉక్కు ఉంగరాలు చేస్తారు. వేలికి పెట్టుకునేవి కావు, అరచేతి నిండా పట్టేవి. పంపు లోపల రెండు ఉంగరాలు ముఖాముఖి ఆనుకుని తిరుగుతాయి. వాటి మధ్య నీటిచుక్క దూరకూడదు. ముందు లేతు మీద చెక్కుతారు, తరువాత సానచక్రం మీద రుద్దుతారు, చివరికి నునుపు గదికి తెస్తారు. అక్కడ యంత్రం లేదు, మనిషి చెయ్యే. పోత ఇనుప పలక మీద నూనెలో కలిపిన రాపిడి పొడి పులిమి, ఉంగరాన్ని బోర్లించి, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ అరగదీయాలి. దాన్నే ల్యాపింగ్ అంటారు. అలా అరిగిన ముఖం అద్దంలా మెరవదు. మెరిసిందంటే ఎవరో మెరుగు పెట్టే గుడ్డచక్రానికి పెట్టి కళ్లకు గంతలు కట్టారన్నమాటే. మంచి ముఖం పావురం రెక్కలా బూడిదరంగులో ఉంటుంది. చివర్లో గట్టి కాగితం మీద కాస్త రుద్ది, దాని మీద గాజుబిళ్ల పెట్టి, పసుపు దీపం కింద చూస్తారు. నల్లచారలు కనిపిస్తాయి. చారలు తిన్నగా ఉంటే ముఖం చదును, వంగితే పని మళ్లీ మొదటికి. అలాంటి ముఖాలు రెండింటిని ఒకదాని మీద ఒకటి జరిపితే జిగురు లేకుండానే అతుక్కుపోతాయి. లాగితే రావు, పక్కకు జరపాలి. మొగుడూ పెళ్లాలను విడదీసే ఉపాయం కూడా అదేనని పెద్దాయన నవ్వేవాడు.

పెద్దాయన అంటే కార్ఖానా యజమాని. పనికి వచ్చినవాళ్లను ఏం చదివారు, ఎక్కడ చేశారు అని అడిగేవాడు కాదు. చెయ్యి చూసేవాడు. జాతకం కాదు. నునుపు చేసిన ఉక్కుముక్క పిడికిట్లో పెట్టి, తాను గ్లాసు టీ తాగడం అయ్యేదాకా పట్టుకోమనేవాడు. ఆ ముక్కను తడి కంబళిగుడ్డ మీద పెట్టి, మూత వేసి, మర్నాడు పొద్దున తీసేవాడు. కొందరి చెమట ఉక్కుకు పడదు. వాళ్లు పట్టిన ముక్క తెల్లారేసరికి ఎర్రబడుతుంది, వేలిముద్ర గీతలతో సహా తుప్పులో తేలుతుంది. అలాంటివాళ్లకు నునుపు గది గడప తొక్కే యోగం లేదు.

నా ముక్క మీద మూత తీస్తే పండుమిరపకాయ. పెద్దాయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నోట్లో ఉన్న ఉప్పూకారం చాలక చేతుల్లోకి కూడా దిగిందామ్మా?" అన్నాడు.

"ఉప్పు తిన్నచోట విశ్వాసంగా ఉండే రకమండీ. ఏదో ఒక పని ఇవ్వండి" అన్నాను.

నవ్వి, చేతులకు నూలు తొడుగులిచ్చి కట్టుడు గదిలో వేశాడు. తయారైన ఉంగరాలకు నూనె రాసి, నూనె కాగితంలో చుట్టి, పెట్టెల్లో సర్దడం నా పని. చెల్లెలి ముక్క మాత్రం పెట్టినది పెట్టినట్టే ఉంది. పెద్దాయన వెలుగులో తిప్పి తిప్పి చూసి, "ఈ చెయ్యి నాకు కావాలి" అన్నాడు. మా ఇంట్లో ఎవరినీ ఎవరూ అంత మాట అనలేదు. దానికదే పట్టాభిషేకం.

ఆ పలక ముందు ఉండగానే దానికి పెళ్లయింది, ఆ పలక ముందే దాని జుట్టు నెరిసింది. పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే "నా ఉంగరాలన్నీ నీళ్లలోనే తిరుగుతున్నాయి, ఏ ఒక్కటీ కారదు" అనేది. వెర్రిమొహం, అడిగినదేమిటి, చెప్పేదేమిటి!

మా మరిది, అంటే దాని మొగుడు, క్రేను నడిపేవాడు. నిచ్చెన జారి పడి తుంటి ఎముక ముక్కలైంది. కర్రల సాయంతో మంచం నుంచి గుమ్మం దాకా, అంతే. మెట్లన్న మాట ఆయన జన్మకు అయిపోయింది. అయినా వాళ్లకు రోజులు గడిచాయంటే గది వల్ల. నునుపు గదిలో పనిచేసేవాళ్లకు కార్ఖానా గోడనానుకుని నేల మీదే గదులుండేవి. దయతో ఇచ్చినవి కావు. వీధి దుమ్ము తొక్కుకుంటూ వస్తే ఒక్క ఇసుక రేణువు చాలు, పలక గీతలు పడిపోతుంది. అందుకని ఇంట్లోనే కాళ్లూ చేతులూ కడుక్కుని, లోపలి తలుపులోంచి తిన్నగా బల్ల దగ్గరికి రావాలి. బల్ల ఉన్నన్నాళ్లే గది.

మరిది మంచం కిటికీ పక్కన. కిటికీ అవతల కార్ఖానా ఆవరణ. లారీలు రావడం, ఇనుము దింపడం, హమాలీల తగవులు అన్నీ అక్కడే. పడుకున్నచోటి నుంచే ఆవరణనంతా ఏలేవాడు. "ఒరేయ్, గొలుసు వంకరగా వేశావు, నీ నెత్తినే పడుతుందిరా" అని ఆయన అరిస్తే వాళ్లు నిజంగానే ఆగి సరిచేసుకునేవాళ్లు. నాకు నూనె కాగితాలు కొలతకు కత్తిరించి పెట్టేవాడు. "నువ్వు ముట్టకు వదినా, కాగితం కూడా తుప్పు పడుతుంది" అని వెక్కిరింపు. ఆ కిటికీ ఉన్నంతకాలం ఆయన బతికున్న మనిషి. కిటికీ ఉండాలంటే గది ఉండాలి. గది ఉండాలంటే బల్ల. బల్ల ఉండాలంటే చెల్లెలి చెయ్యి.

పెద్దాయన పోయాక ఆయన అల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఇప్పటికీ అందరూ అల్లుడుగారనే అంటారు. చెడ్డవాడు కాదు. అలాగని మంచివాడని సాక్ష్యం చెప్పమంటే నేను రాను. ఆయన వచ్చాక ఒక పెట్టె తిరిగి వచ్చింది. పంపుల కంపెనీ వాళ్లు తెరిచి చూస్తే ఉంగరాల మీద ఎర్రమచ్చలట. ముద్రలు లేవు, ఊరికే మచ్చలు. దారిలో తడిసిందో, నూనె పలుచగా పడిందో, ఎవరి చెయ్యో. అది ఎవరి పాపమో నాకు ఇవాళ్టికీ తెలియదు. అల్లుడుగారు ఆ పెట్టెను నునుపు గది మధ్యలో తలకిందులు చేశాడు.

"ఎవరో ఒకరి చెయ్యి చెడింది. నాకు తెలియకుండా పోదు. తెలిసిననాడు ఆ బల్ల ఖాళీ" అని వెళ్లిపోయాడు.

నునుపు గదిలో ఉన్నది కొద్దిమందే. చెల్లెలికి ఎదురు పలక సూదమ్మది. అంతకుముందు కుట్టుపని చేసేది, మనిషి కూడా సూదిలాగే, సన్నన, మాట పడితే గుచ్చుకోవాల్సిందే. మొగుడు వదిలిపోతే ఇద్దరాడపిల్లలతో వచ్చింది. పని నేర్పింది చెల్లెలే. సూదమ్మ నవ్వి, "మనందరిలో చల్లనిచెయ్యి నీదే వదినా, నీకేం భయం?" అంది. చెల్లెలు కూడా నవ్విందట. కానీ ఆ మాట విన్నాకే మొదటిసారి తన అరచేతులు చూసుకున్నానని తరువాత నాతో చెప్పింది. చూసుకుంటే తడిగా ఉన్నాయి.

నాకు తెలిసింది మాత్రం ఇలా. ఒక పెట్టె చెక్క పగిలితే ఉంగరాలు వేరే పెట్టెలోకి మార్చాల్సి వచ్చింది. ఒక కాగితం జారి ఊడింది. బూడిదరంగు ముఖం మీద ఎర్రగా, కుంకంతో అద్దినట్టు, బొటనవేలు. దానికి అడ్డంగా ఒక గీత. ఆ గీత నాకు తెలుసు. చిన్నప్పుడు రేకు మూత తెరవబోయి కోసుకుంటే నేనే నా పైటచెంగు చింపి కట్టాను. ఉంగరాన్ని నడుం దగ్గర దోపుకుని చెల్లెలి గదికి వెళ్లాను. మరిది నిద్రపోతున్నాడు. దాన్ని గుమ్మంలోకి లాక్కొచ్చి చూపించాను.

"ఏమిటే ఇది?"

ఉంగరాన్ని వెలుగులోకి తిప్పింది. "నాదే అక్కా."

"నీదని నాకూ కనపడుతోంది. నేనేం గుడ్డిదాన్నా? ఎప్పటి నుంచి?"

"ఆ పెట్టె వచ్చినప్పటి నుంచి. పలక ముందు కూర్చుంటే చాలు, చేతుల్లోంచి నీళ్లు వస్తున్నాయి. ఇంట్లో ఉంటే ఏమీ లేదు. చూడు, పొడిగానే ఉన్నాయిగా?" అని నా చేతిలో చెయ్యి పెట్టింది. పొడిగానే ఉంది, ఎప్పటిలాగే చల్లగా. మేం చూస్తుండగానే అరచేతి గీతల్లో నీరు ఊరింది. ఆ వింత నేనింతవరకు ఎక్కడా చూడలేదు. తలుచుకుంటే చాలు, వస్తుంది. భయపడితే చెమట, చెమట పడితే తుప్పు, తుప్పు పట్టిందంటే మళ్లీ భయం. తన తోక తాను మింగే పాములా తయారైంది వ్యవహారం.

"ఆయనకు చెప్పకు" అంది కిటికీ వైపు చూస్తూ.

"నేనెందుకు చెబుతానే? ముందు ఇది మళ్లీ అరగదీసి పట్రా, చుట్టేస్తాను."

దాచాను. మళ్లీ అలాంటి రోజే వస్తే మళ్లీ దాస్తాను. ఆ రోజు నుంచి చెల్లెలి బల్ల మీది ఉంగరాలకు నూనె రెండుసార్లు పూశాను. అల్లుడుగారు నూనె ఖర్చని గొణిగితే, "నూనె పొదుపు చేస్తే పెట్టెలు పుట్టింటికొస్తాయి" అన్నాను. నోరు మూసుకున్నాడు.

చెల్లెలు చేయని ప్రయత్నం లేదు. రబ్బరు తొడుగులు వేసుకుంది. తొడుగు వేస్తే ఉంగరం పలకను ఎక్కడ పట్టుకుంటోందో, ఎక్కడ జారుతోందో వేళ్లకు తెలియదు. ఒకవైపు ఎక్కువ నొక్కితే అంచు వాలిపోయింది, చారలు విల్లులా వంగాయి. చల్లని నీళ్లలో చేతులు ముంచి కూర్చుంది, వేళ్లు మొద్దుబారి ఉంగరం జారి పలక మీద పడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాడి చూసి, "జబ్బేం లేదమ్మా, భయపడకుండా ఉండండి చాలు" అన్నాడు. "ఆ మందు ఏ కొట్లో దొరుకుతుందో కూడా రాయండి" అన్నాను. రాయలేదు.

చివరికి మంగలి మాట విని మునిగింది. మరిదికి గడ్డం గీయడానికి వచ్చే మంగలి, గీసుకుపోయినచోట పటిక రుద్దేవాడు. "పటిక రుద్దితే రంధ్రాలు మూసుకుపోతాయమ్మా, చెమట కాదు కదా రక్తం కూడా రాదు" అన్నాడు. గడ్డం వరకు ఆ మాట నిజం. చెల్లెలు రోజూ పొద్దున్నే అరచేతులకు పటిక నీళ్లు పట్టించి పనిలో కూర్చుంది. చేతులు చెక్కలా ఎండాయి. నా దగ్గరికొచ్చి చేతులు చాపి పసిపిల్లలా నవ్వింది. నేనూ నవ్వాను. నాకేం తెలుసు? చెమట కంటే పటికే ఉక్కుకు పెద్ద శత్రువని ఇద్దరికీ తెలియదు. వేళ్ల నుంచి కనపడకుండా అంటుకున్న పటిక, నూనె కింద చేరి, తేమ తగిలేదాకా ఊరుకుని అప్పుడు కొరికింది. ఆ సరుకు ఒక పెట్టె కాదు, బండెడు తిరిగొచ్చింది. ముద్రలు కూడా నిలవనంతగా ముఖాలన్నీ గుంటలు.

అల్లుడుగారు ఈసారి అరవలేదు. అరిస్తే బాగుండేది. మామగారి పాత పళ్లెం, కంబళిగుడ్డ, మూత అటక మీంచి దింపించాడు.

"అందరి చెయ్యీ మళ్లీ చూస్తాను. పాతవాళ్లు, కొత్తవాళ్లు అని లేదు."

సాయంత్రం పని ఆగాక అందరినీ వరుసగా నిలబెట్టాడు. అందరి పిడికిట్లో తలో ముక్క పెట్టాడు. ఆయన టీ తాగడు, గడియారం చూస్తూ నిలబడ్డాడు. ముక్కలను తడిగుడ్డ మీద వరుసగా పేర్చి, ఒక్కో ముక్క ముందు ఆ మనిషి బల్ల నంబరున్న ఇత్తడి బిళ్ల పెట్టి, మూత వేసి, అక్కడే బల్ల మీద వదిలి వెళ్లాడు. తాళం వేయలేదు. నేను కట్టుడు గది తలుపు దగ్గర నుంచి చెల్లెల్నే చూస్తున్నాను. ముక్క కింద పెట్టాక చెయ్యి చీరకు తుడుచుకుంది. చీర మీద తడి మరక పడింది. ఆ మరక ఇంకెవరైనా చూశారో లేదో తెలియదు, సూదమ్మ మాత్రం చూసింది. ఏమీ అనలేదు. సూదమ్మ ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పొద్దున నేను కాగితాల కట్ట ఎత్తుకుని వెళ్లేసరికి మూత తీస్తున్నారు. ముందు చెల్లెలి బిళ్ల వైపే నా చూపు పోయింది. దాని ముందు ముక్క తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ చెల్లెలి మొహంలో సంతోషం లేదు. అదేమిటా అనుకునేలోపే అల్లుడుగారు సూదమ్మ బిళ్ల మీద వేలు పెట్టాడు. దాని ముందున్న ముక్క ఎర్రగా మండుతోంది.

"నువ్వా?" అన్నాడు. "పిల్లలతో ఉన్నావని జాలిపడి పెట్టుకున్నాం."

సూదమ్మ ఆ ముక్కను అంచులు పట్టుకుని తీసి, కిటికీ వెలుగులోకి తిప్పింది. అంతకుముందు ఏడాదంతా చెల్లెలి బొటనవేలిని చూస్తూనే పని నేర్చుకున్న మనిషి. ఎలా పట్టాలి, ఎంత నొక్కాలి, ఎప్పుడు వదలాలి, అంతా ఆ వేలిని చూసే. ఒక్క క్షణం చాలింది.

"అయ్యా, ఇవిగో నా వేళ్లు" అని రెండు చేతులూ చాపింది. "అన్నిటికీ సూదిపోట్లే ఉన్నాయి. అడ్డగీత ఒక్కదానికీ లేదు. ఇక్కడ ఉంది, చూడండి."

"ఎవరిది మరి?"

"అది నేను చెప్పను. నా నోటికి చెడ్డపేరున్నా ఆ పని మాత్రం చేయదు. మీకు కళ్లున్నాయి."

గదిలో అందరూ తమ వేళ్లు తాము చూసుకోవడం మొదలుపెట్టారు. చెల్లెలు ఒక్కతే చూసుకోలేదు. కుడిచెయ్యి పిడికిలి బిగించి వెనక్కి పెట్టుకుంది. నాకప్పుడు అర్థమైంది. వాళ్లుండే గదిలోంచి నునుపు గదికి లోపలి తలుపు ఉండనే ఉంది. పొద్దుగూకే వేళ మరిదికి మంచినీళ్లు ఇచ్చి, అటు నుంచి అటే వచ్చి, మూత ఎత్తి, రెండు బిళ్లలూ అటూ ఇటూ మార్చింది. ముక్కలు ఎవరివో బిళ్లలే చెబుతాయనుకుంది. తుప్పుకు బిళ్లలతో పని లేదని, అది మనిషి వేలినే గీసి చూపిస్తుందని, నా చెల్లెలికి తెలియదా? దానికంటే ఎవరికి తెలుసు? ఆ ఒక్క పొద్దుకు మరిచిపోయింది. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకునేటప్పుడు అది గడ్డిపోచే అని గుర్తుంటుందా?

నోరు విప్పి ఏదో ఒకటి అరవాలనుకున్నాను. అంతలో చెల్లెలే రెండడుగులు ముందుకు వచ్చి, ఎర్రముక్క పక్కన బల్ల మీద తన బొటనవేలు పెట్టింది.

"నాదండీ. బిళ్లలు నేనే మార్చాను" అంది.

అల్లుడుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముక్కను కాదు, చెల్లెల్నే చూశాడు. "మామగారు పోయేముందు కూడా నీ చేతి గురించే చెప్పారు. చెమటే అయితే ఏదో ఒక పని చూపించేవాణ్ణేమో. బిళ్ల మార్చినదానికి నేనేం చూపించను?"

చూపించేవాడో లేదో దేవుడికి తెలియాలి. ఆ "ఏమో" అన్న మాటే దాన్ని ఇప్పటికీ తినేస్తోంది.

బయటికి వచ్చాక దాన్ని పట్టుకుని తిట్టాను. "నీకు తిండిలేక చావాలనుంటే చావు. ఇద్దరు పిల్లల తల్లి కూడు తియ్యడానికి చేతులెలా వచ్చాయే?"

"చేతులు రాలేదక్కా. వణుకుతూనే ఉన్నాయి" అంది. ఇంకేం తిడతాను?

నా గది మేడ మీద, పైఅంతస్తు. అదే ఇక వాళ్ల గది కూడా. మరిదిని కుర్చీలో కూర్చోబెట్టి హమాలీలు నలుగురు మోశారు. ఇన్నాళ్లూ ఆయన కిటికీలోంచి తిట్టినవాళ్లే. మెట్ల మలుపులో కుర్చీ ఒరిగితే, "ఒరేయ్, గొలుసు వేయండిరా, అలా చేతుల మీద మోస్తే పడతాను" అని అరిచాడు. వాళ్లు నవ్వలేదు. ఒకడు ముక్కు తుడుచుకున్నాడు. పైకి చేరాక మరిది కిటికీ ఎక్కడని అడిగాడు. చూపించాను. ఎదురుగా నీళ్లట్యాంకు, దాని పక్కన గోడ. ఆ గోడనే చూసి, "ఇక్కడెవరినీ తిట్టే పని లేదు వదినా" అన్నాడు. ఆ తరువాత కాగితం కత్తిరించమని ఇస్తే చేతుల్లోకి తీసుకుని అలాగే పట్టుకుని ఉండేవాడు.

ఆ కింది గది సూదమ్మకు ఇచ్చారు. ఇవ్వకుండా ఎవరికిస్తారు? ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు. వెళ్లమనలేదు కూడా.

"వదినా, నీ పలక నాకిచ్చారు. ఎడమకు లాగుతోంది. ఎంత తిప్పినా చారలు వంగే వస్తున్నాయి" అంది.

చెల్లెలు వెనక్కి తిరగకుండానే, "పలకను కొంచెం కొంచెం తిప్పుకుంటూ చెయ్యి. నేను అలవాటుపడిపోయి ఒకే పక్క నొక్కేదాన్ని. దాని తప్పు కాదు" అంది.

"నామీద కోపమా?"

"నీమీద నాకు కోపమెందుకు సూదమ్మా? నీకుండాలి."

"ఉంది" అంది సూదమ్మ. "ఉన్నా పలక సంగతి నిన్ను కాక ఎవర్నడగను?" మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇక అన్నిటికంటే కడుపు తరుక్కుపోయే సంగతి చెబుతాను. పని పోయాక చెల్లెలి చేతులు పొడిబారాయి. పలక లేదు, పెట్టె లేదు, ఎవరూ చూసేది లేదు. పోయేది ఇంకేమీ మిగలకపోతే భయం మాత్రం ఎందుకుంటుంది? చెయ్యి మళ్లీ ఎప్పటిలా చల్లన. అంచు విరిగి పనికిరాకుండా పోయిన ఉంగరం ఒకటి దాని పెట్టెలో ఉండేది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, తడిగుడ్డ మీద పెట్టి, గిన్నె బోర్లించింది. పొద్దున గిన్నె తీస్తే పావురం రెక్క. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. మరిది మంచం మీద లేచి కూర్చున్నాడు. గోడను చూడటం మొదలుపెట్టిన తరువాత ఆయన లేచి కూర్చోవడం అదే మొదటిసారి.

"తీసుకెళ్లి చూపించు. అల్లుడుగారి ముందే పట్టుకో. ఆయన ఎదురుగానే మూత తియ్యమను. కిటికీ గది కాకపోతే పోనీ, నేల మీద ఏదో ఒక మూల" అన్నాడు.

"వెళ్లనా అక్కా?"

నాకు ఆశ లేదు. అయినా, "వెళ్దాం పద. నేనూ వస్తాను" అన్నాను.

ఉంగరాన్ని నూనె కాగితంలో చుట్టాను, తొడుగులు వేసుకునే. వీధంతా చెల్లెలు నాకంటే ముందు నడిచింది. పొగ గొట్టం కనబడే మలుపు దగ్గర అడుగు చిన్నదైంది. గేటు దగ్గర కాపలావాడు పాతవాడే. లేచి నిలబడి చెల్లెలితో, "ఏమ్మా, బాగున్నారా? ఎవరి కోసం?" అన్నాడు.

చెల్లెలు కాగితం విప్పి ఉంగరాన్ని చేతిలోకి తీసుకుంది. చూపించడానికే తీసుకుంది. ఏదో చెప్పబోయి తన చెయ్యి తాను చూసుకుంది. నేనూ చూశాను. వేళ్ల సందుల్లోంచి నీరు కారుతోంది. లోపల సానచక్రం గీమంటోంది, లారీ ఒకటి వెనక్కి వస్తోంది, ఎవరో ఎవరినో గొలుసు సరిగ్గా వేయమని అరుస్తున్నారు.

"ఎవరి కోసం కాదు బాబూ. ఊరికే ఇటు వెళ్తూ" అంది చెల్లెలు.

ఇంటికొచ్చాక మరిది, "చూపించావా?" అన్నాడు.

"ఆయన లేరు. రేపు చూపిస్తాను" అంది.

మరిది ఆ రేపు ఎప్పుడని అడగలేదు. ఉంగరం నీళ్లట్యాంకు వైపు కిటికీలో ఉంది. మర్నాటికే దాని మీద ఎర్రగా బొటనవేలు లేచింది, అడ్డగీతతో సహా. చెల్లెలు రోజూ పాతగుడ్డ పెట్టి దాన్ని తుడుస్తుంది. పలకా పొడీ లేకుండా వట్టి గుడ్డకు తుప్పు పోదని దానికి తెలియనిదా? తుడిచి, వెలుగులోకి తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెడుతుంది. ఆ పని నేను చేద్దునుగానీ, నా చెయ్యి సంగతి తెలిసిందేగా.